నాన్న ఫోన్లో కంపెనీ పెట్టిన చెత్త యాప్‌లు ఆపడం ఎలా? డిసేబుల్ బటన్ పలకట్లేదు

గాజువాక_కుర్రోడు
నాన్నకి కొన్న ఫోన్ గురించి. బ్రాండ్ పేరు రాయను, రాస్తే దాని అభిమానులంతా వచ్చి కూర్చుంటారు. పదిహేను వేల లోపు ఫోన్, ఆండ్రాయిడ్ 14, 4 జీబీ ర్యామ్. డబ్బాలోంచి తీసి సిమ్ వేసేసరికే అందులో కంపెనీ వాళ్ళ సొంత యాప్ స్టోర్, సొంత బ్రౌజర్, సొంత మ్యూజిక్, గేమ్స్ ఫోల్డర్, రెండు షాపింగ్ యాప్‌లు. లాక్ స్క్రీన్ మీద బొమ్మ మారుతూ ఉంటుంది. దానికి వేలు తగిలితే చాలు, ఎవరో హీరోయిన్ పెళ్ళి వార్త తెరుచుకుంటుంది. పింఛను పడిందా అని చూద్దామని ఫోన్ తీసిన మనిషి పావుగంట ఆ వార్తలు చదివి, అసలు ఎందుకు తీశారో మర్చిపోయి పక్కన పెట్టేస్తున్నారు. మధ్యాహ్నానికి బ్యాటరీ సగం అయిపోతోంది. ఉన్నట్టుండి స్క్రీన్ నిండా యాడ్ కూడా వస్తోంది.

తీయగలిగినవి తీసేశాను. మిగతావాటికి అన్‌ఇన్‌స్టాల్ లేదు, డిసేబుల్ బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కినా కదలదు. రూట్ చేయకుండా (అంటే సిస్టమ్ తాళాలు పగలగొట్టకుండా) దారి ఉందా? ఫోన్‌పే, బ్యాంకు యాప్ మాత్రం ఆగకూడదు. అదే నా టెన్షన్.

రుషికొండ_రైడర్
బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌ని లేపేది) అన్‌లాక్ చేసి, కంపెనీ ఆండ్రాయిడ్ బదులు లీనేజ్ ఓఎస్ వేసెయ్ బ్రో. చెత్త మొత్తం ఒక్క దెబ్బకి పోతుంది.

ఎంవీపీ_సుధ
రైడర్ గారూ, ఆయన ప్రశ్న చివరి రెండు ముక్కలు చదవలేదా? బూట్‌లోడర్ తెరిస్తే బ్యాంకు యాప్ ముందు మొరాయిస్తుంది. పైగా పింఛను తీసుకునే పెద్దాయన ఫోన్ అది.

రుషికొండ_రైడర్
మా కాలేజీ రోజుల్లో అందరం లీనేజ్‌కి ముందున్న సయనోజెన్‌మాడ్ వేసుకునేవాళ్ళం మేడమ్, ఎవరికీ ఏమీ కాలేదు.

కంచరపాలెం_కోడర్
సయనోజెన్‌మాడ్ 2016 డిసెంబర్లోనే మూతపడింది బ్రో. అప్పుడు ఫోన్లో యూపీఐ వాడేవాళ్ళు ఎంతమంది? ఇప్పుడు లాక్ తీసిన ఫోన్‌ని గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ అనే తనిఖీ పట్టేస్తుంది, చాలా బ్యాంకు యాప్‌లు దాన్నే అడిగి చూసుకుంటాయి. దాన్ని ఏమార్చే పద్ధతులు ఉన్నాయి కానీ ప్రతి రెండు నెలలకీ మళ్ళీ మొదలు. నాన్నగారి ఫోన్‌కి ఆ గోల వద్దు.

గాజువాకా, ముందు బూడిద రంగు బటన్ సంగతి. కంపెనీ ఒక యాప్‌ని 'ఇది సిస్టమ్‌కి ముఖ్యం' అని రాసి పెడితే సెట్టింగ్స్ యాప్ ఆ బటన్‌ని కట్టేస్తుంది. నిజంగా ముఖ్యమా కాదా అన్నది వేరే విషయం, గేమ్స్ ఫోల్డర్‌ని కూడా అలా రాసుకోవచ్చు. కంప్యూటర్ నుంచి ఏడీబీ (ఫోన్‌కి కమాండ్లు పంపే సాధనం)తో చెబితే మాత్రం ఆండ్రాయిడ్ వింటుంది. వివరంగా రాత్రికి రాస్తాను, ఆఫీసులో ఉన్నాను.

పునుగుల_బండి
అంత దూరం ఎందుకు. నేను గంటకోసారి రీసెంట్స్ (ఇటీవల తెరిచిన యాప్‌ల జాబితా) తెరిచి అన్నిటినీ పైకి తోసేస్తాను. ఒక క్లీనర్ యాప్ కూడా ఉంది, నొక్కగానే '1.2 జీబీ ఖాళీ చేశాం' అని చూపిస్తుంది. ఫోన్ గాల్లో తేలుతుంది.

డాబాగార్డెన్స్_బెంచి
ఆ క్లీనర్ యాప్ పేరు చెప్పకు గురూ, ఇంకో నలుగురు వేసుకుంటారు.

నేను రిపేర్ బెంచి మీద కూర్చునేవాణ్ణి. 'ఫోన్ నిండా యాడ్స్, కంపెనీ వాళ్ళు మోసం చేశారు' అంటూ వచ్చే ఫోన్లలో చాలావాటికి కారణం కంపెనీ యాప్ కాదు. గాజువాక చెప్పినవి రెండు వేర్వేరు జబ్బులు. లాక్ స్క్రీన్ బొమ్మలు కంపెనీవే. స్క్రీన్ నిండా ఉన్నట్టుండి వచ్చే యాడ్ మాత్రం దాదాపు ఎప్పుడూ తర్వాత ఎక్కించిన యాప్‌దే. టార్చి, క్లీనర్, పీడీఎఫ్ రీడర్, కాల్ రికార్డర్, ఈ నాలుగు రకాల్లోనే దొంగ దొరుకుతాడు.

పట్టుకోవడం ఇలా. యాడ్ వచ్చినప్పుడు దాని మీది క్రాస్ నొక్కకండి. రీసెంట్స్ బటన్ నొక్కండి. ఆ యాడ్ ఒక కార్డులా కనిపిస్తుంది, కార్డు పైన యాప్ ఐకాన్ ఉంటుంది, దాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే యాప్ ఇన్ఫో వస్తుంది. కొన్ని ఘటాలకి ఐకాన్ తెల్లగా ఉంటుంది, పేరు కూడా ఉండదు. అప్పుడు సెట్టింగ్స్‌లో స్పెషల్ యాప్ యాక్సెస్‌కి వెళ్ళి 'డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్' జాబితా చూడండి. అక్కడ ఉండాల్సిన పని లేనివన్నీ అనుమానితులే.

ఇంకొకటి క్రోమ్. ఏదో సైట్లో 'అలౌ' నొక్కి ఉంటారు, అది రోజంతా 'మీ ఫోన్లో వైరస్ ఉంది' అని నోటిఫికేషన్ పంపుతూ ఉంటుంది. క్రోమ్ సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ తెలియని పేర్లన్నీ బ్లాక్. మొన్న ఒక పెద్దావిడ దీని కోసమే ఫోన్ ఫార్మాట్ చేయించడానికి వచ్చారు. ఫార్మాట్ చేయలేదు, రెండు నిమిషాల పని, డబ్బులు కూడా తీసుకోలేదు. ఆవిడ ఒప్పుకోక మాడుగుల హల్వా ఇచ్చి వెళ్ళారు.

పునుగుల_బండి
హల్వా సంగతి ముందే చెబితే నా ఫోన్ కూడా తెచ్చేవాణ్ణి. క్లీనర్ తీసేస్తాను సరే, రీసెంట్స్ తోసేస్తే తప్పేంటి?

కంచరపాలెం_కోడర్
వాయి వాయికీ పొయ్యి ఆర్పి మళ్ళీ వెలిగిస్తారా మీరు? అదే ఇది. రీసెంట్స్‌లో కనిపించేవన్నీ నడుస్తున్నట్టు కాదు. చాలావరకు ర్యామ్‌లో నిద్రపోతుంటాయి, ప్రాసెసర్‌ని తాకవు. ర్యామ్ చాలకపోతే ఆండ్రాయిడే వాటిని దించేస్తుంది. మీరు చంపితే మళ్ళీ తెరిచినప్పుడు మొదటి నుంచీ లోడ్ కావాలి, దానికే ఎక్కువ ఖర్చు. ఇరుక్కుపోయిన యాప్ ఒకటుంటే దాన్ని తోసేయండి, అన్నిటినీ కాదు.

ఉక్కు_సి_షిఫ్ట్
కోడర్ చెప్పింది పుస్తకంలో మాట. 4 జీబీ ఫోన్లో మ్యాప్స్ తెరిచి ఉంచి వాట్సాప్ వీడియో కాల్ చెయ్యి, తెలుస్తుంది. తోసేస్తే నిజంగానే తేడా వస్తుంది.

కంచరపాలెం_కోడర్
మ్యాప్స్ నావిగేషన్ నిద్రపోయే యాప్ కాదండీ, అది నడుస్తూనే ఉంటుంది. దాన్ని ఆపితే తేడా రావాల్సిందే. ఆండ్రాయిడ్ 13 నుంచి పై నుంచి దించే పానెల్ అడుగున 'యాక్టివ్ యాప్స్' అని కనిపిస్తుంది చూడండి, నిజంగా వెనక పనిచేసేవి అక్కడ ఉంటాయి, పక్కనే స్టాప్ బటన్ ఉంటుంది. ఆపాల్సింది వాటిని.

ఉక్కు_సి_షిఫ్ట్
ఇది చూసుకోలేదు. ఉంది. ఎప్పుడో వేసిన ఫిట్‌నెస్ యాప్ ఒకటి అందులో కూర్చుని ఉంది. ఆపాను. నేను నడిచేదే తక్కువ, దానికి లెక్క ఒకటి.

అయినా ఆపేముందు ఒక మాట. మా డిపార్ట్‌మెంట్‌లో ఒకాయన వీడియో చూసి, బ్యాటరీ సెట్టింగ్స్‌లో కనిపించిన ప్రతి యాప్‌నీ 'రెస్ట్రిక్టెడ్' చేసేశాడు. అందులో బయటి నుంచి వేసుకున్న అలారం యాప్ కూడా ఉంది. 'ఏ' షిఫ్ట్‌కి, అంటే ఉదయం షిఫ్ట్‌కి, తెల్లవారుజామున లేవాలి, అది మోగలేదు. వాట్సాప్ కూడా రెస్ట్రిక్టెడే, గ్రూపులో ఫోర్‌మన్ పెట్టిన మెసేజ్‌లన్నీ ఫోన్ తెరిచాక ఒకేసారి దబదబా పడ్డాయి.

ఎంవీపీ_సుధ
అవును, అలారం, వాట్సాప్, ఇంట్లో పెద్దవాళ్ళ షుగర్ మీటర్ యాప్ లాంటివి 'ఆప్టిమైజ్డ్'లోనో 'అన్‌రెస్ట్రిక్టెడ్'లోనో ఉంచాలి. షాపింగ్, గేమ్స్, ఫుడ్ డెలివరీ, వీటిని రెస్ట్రిక్ట్ చేస్తే పోయేదేమీ లేదు. ఆఫర్ మెసేజ్‌లు రావు, అంతకంటే ఏం కావాలి.

పెందుర్తి_మాస్టారు
అసలు మనం ఎందుకు ఇంత కష్టపడాలి అన్నది నా ప్రశ్న. డబ్బులిచ్చి కొన్న వస్తువులోంచి అక్కర్లేనిది తీసుకునే హక్కు కొన్నవాడికి లేదా? కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్లో ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్ మీద 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తమ యాప్‌ల మూటను మొత్తంగా ఫోన్లో పెట్టమని తయారీదారుల మీద రుద్దకూడదని చెప్పింది. ముందే వేసిన గూగుల్ యాప్‌లను తీసేయకుండా అడ్డుపడకూడదని కూడా ఆ ఆదేశాల్లో ఉంది. 2023 జనవరిలో గూగుల్, ఇక మీదట భారత్‌లో కంపెనీలు తమకు కావలసిన యాప్ ఒక్కొక్కటిగా తీసుకోవచ్చని ప్రకటించింది కూడా.

రుషికొండ_రైడర్
మరి తీసేసే బటన్ ఏది మాస్టారూ?

పెందుర్తి_మాస్టారు
అక్కడికే వస్తున్నాను నాయనా. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను ఖాయం చేసి, కొన్ని ఆదేశాలను కొట్టేసింది. తీసేసే వెసులుబాటు ఆదేశం కొట్టేసినవాటిలోనే ఉంది.

పునుగుల_బండి
అంటే డబ్బులు వాళ్ళు కట్టాలి, యాప్‌లు మనం మొయ్యాలి.

కంచరపాలెం_కోడర్
మాస్టారు చెప్పింది గూగుల్ యాప్‌ల కేసు. గాజువాక ఫోన్లో బాధ పెడుతున్నవి ఫోన్ కంపెనీ సొంతవి, అది వేరే బేరం. తక్కువ ధరకి ఫోన్ ఇచ్చి యాప్ కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంటారు.

ఇక అసలు పని. ఈ వరసలో చేయండి.

సెట్టింగ్స్‌లోనే అయ్యే పనులు ముందు. ప్రతి కంపెనీ యాప్‌కీ యాప్ ఇన్ఫోలోకి వెళ్ళి ముందు 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్', ఆ తర్వాత డిసేబుల్. ఈ వరస ఎందుకంటే, సిస్టమ్ యాప్ అసలు కాపీ రాయడానికి వీల్లేని విభాగంలో ఉంటుంది, దాన్ని తీసినా ఆ చోటు మనకి రాదు. చోటు వచ్చేది అప్‌డేట్లు, డేటా తీసినప్పుడే. లాక్ స్క్రీన్ బొమ్మలకి లాక్ స్క్రీన్ లేదా వాల్‌పేపర్ సెట్టింగ్స్‌లో క్యారసెల్ అనో గ్లాన్స్ అనో ఉంటుంది, ఆఫ్ చేయండి. రెడ్‌మీ, పోకో ఫోన్లు ఉన్నవాళ్ళు పాస్‌వర్డ్స్ అండ్ సెక్యూరిటీలో 'ఆథరైజేషన్ అండ్ రివొకేషన్' తెరిచి, యాడ్‌లు చూపించే ఎంఎస్ఏ అన్నదాన్ని ఆపాలి. పది సెకన్లు లెక్కపెట్టాక ఆపుతుంది, ఒక్కోసారి కుదరలేదంటుంది, మళ్ళీ నొక్కండి.

బటన్ పలకని యాప్‌లకి షిజుకు (ఫోన్లోనే ఏడీబీ అనుమతి ఇచ్చేది), కాంటా (ఆ అనుమతితో యాప్‌లు తీసేది) అని రెండు యాప్‌లు. ఆండ్రాయిడ్ 11 లేదా ఆ తర్వాతిదైతే కంప్యూటర్, కేబుల్ కూడా అక్కర్లేదు, ఇంట్లో వైఫై ఉంటే చాలు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి. అందులో వైర్‌లెస్ డీబగ్గింగ్ ఆన్ చేసి, పెయిరింగ్ కోడ్‌ని షిజుకు నోటిఫికేషన్‌లో కొట్టాలి. తర్వాత కాంటా తెరిస్తే యాప్‌లన్నీ జాబితాగా వస్తాయి. చాలావాటి పక్కన రికమెండెడ్, అడ్వాన్స్‌డ్, ఎక్స్‌పర్ట్, అన్‌సేఫ్ అని రాసి ఉంటుంది. నాన్నగారి ఫోన్ కాబట్టి రికమెండెడ్ దాటి వెళ్ళొద్దు. తీసినది మళ్ళీ కావాలంటే అదే యాప్‌లో వెనక్కి తెచ్చుకోవచ్చు.

అయిపోయాక డెవలపర్ ఆప్షన్స్ మొత్తం ఆఫ్ చేయాలి. అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. ఆఫ్ చేసినంత మాత్రాన తీసిన యాప్‌లు తిరిగి రావు, రీస్టార్ట్ చేసినా రావు. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే మాత్రం అన్నీ ఠంచనుగా హాజరు. పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు కూడా ఒకటో రెండో తిరిగి రావచ్చు.

డాబాగార్డెన్స్_బెంచి
కోడర్ రాసినదానికి బెంచి అనుభవం కలుపుతున్నాను. యూట్యూబ్‌లో 'ఈ యాభై యాప్‌లు తీసేయండి' అని కమాండ్ల జాబితా ఇస్తారు. అది వాళ్ళ ఫోన్‌కి రాసింది, మీ ఫోన్‌కి కాదు. కొన్ని బ్రాండ్లలో సెక్యూరిటీ యాప్, ఫైండ్ డివైస్ లాంటివి తీస్తే ఫోన్ లోగో దగ్గరే తిరుగుతూ ఉంటుంది, లోపలికి రాదు. అలాంటి ఫోన్‌ని నా దగ్గరికి తెస్తే చాలాసార్లు మిగిలేది రీసెట్ ఒక్కటే. ఫొటోలు పోతాయి. మనవడి పుట్టువెంట్రుకల ఫొటోలు కావాలని బెంచి ముందు కూర్చుని అడుగుతారు, నేనేం చెప్పను?

ముట్టుకోకూడనివి: గూగుల్ ప్లే సర్వీసెస్, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ (యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది), కీబోర్డు (వేరేది వేసుకోకుండా), లాంచర్ (హోమ్ స్క్రీన్ యాప్), ఫోన్, కాంటాక్ట్స్ స్టోరేజ్. వెబ్‌వ్యూ పేరు ఎవరికీ తెలియదు కాబట్టి అదేదో చెత్త అనుకుంటారు. 2021 మార్చిలో దాని అప్‌డేట్ ఒకటి చెడిపోతే ప్రపంచమంతా జీమెయిల్‌తో సహా యాప్‌లు టపటపా మూసుకుపోయాయి, గుర్తుందా?

జాలరిపేట_నాని
ఆ జాబితాలో ఇంకొకటి చేర్చండి అన్నా. 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్', లేదా సెల్ బ్రాడ్‌కాస్ట్ అని పేరు ఉంటుంది. చాలా వీడియోల్లో దాన్ని కూడా తీసేయమంటున్నారు, 'అమెరికా వాళ్ళకి, మనకి పనికిరాదు' అని. 2023లో దేశమంతా టెస్ట్ మెసేజ్‌లు వచ్చాయి కదా, ఫోన్ సైలెంట్‌లో ఉన్నా పెద్దగా మోగి అందరూ ఉలిక్కిపడ్డారు, అది దీని ద్వారానే. మాది ఫిషింగ్ హార్బర్ పక్క. తుఫాను హెచ్చరిక పంపే దారిని మనమే మూసుకోవడం ఏటి?

రుషికొండ_రైడర్
తుఫాను వస్తే టీవీలో మూడు రోజుల ముందే చెబుతారు కదా. హుద్‌హుద్ అప్పుడు టవర్లే పడిపోయాయి, ఏ అలర్ట్ వచ్చేది?

జాలరిపేట_నాని
2014 అక్టోబర్ 12న గాలి కొట్టాక టవర్లు పడ్డాయి. హెచ్చరిక కావాల్సింది అంతకు ముందు. రాత్రి మూడింటికి వలలు సర్దుకుని బయల్దేరేవాడు ఏ టీవీ చూస్తాడు? జేబులో ఫోన్ ఒక్కటే ఉంటుంది.

ఎంవీపీ_సుధ
నాని చెప్పింది నిజం. ఎంత పాత ఫోనైనా దాన్ని వదిలేయండి. అది బ్యాటరీ తినే రకం కూడా కాదు, సందేశం వచ్చినప్పుడే లేస్తుంది.

రుషికొండ_రైడర్
సరే ఒప్పుకున్నా. నా ఫోన్లో ఉందో లేదో చూస్తున్నా.

పెందుర్తి_మాస్టారు
నాకు ఇంకో బాధ ఉంది. ఏ యాప్ తెరవకపోయినా స్క్రీన్ మధ్యలో చిన్న డబ్బా వచ్చి 'కాలర్ ట్యూన్ కావాలా, ఓకే' అని అడుగుతుంది. పొరపాటున ఓకే నొక్కితే డబ్బులు పోతాయని భయం. అది ఏ యాప్?

డాబాగార్డెన్స్_బెంచి
అది యాప్‌ది కాదు మాస్టారూ, సిమ్ నుంచి వచ్చే ఫ్లాష్ మెసేజ్. ఫోన్లో 'సిమ్ టూల్‌కిట్' అని ఉంటుంది, తెరిస్తే మీ ఆపరేటర్ మెనూ కనిపిస్తుంది. అందులో ఫ్లాష్ మెసేజ్‌లు ఆపే ఆప్షన్ వెతికి డీయాక్టివేట్ చేయండి. రెండు సిమ్‌లుంటే రెండింటికీ.

పెందుర్తి_మాస్టారు
ఆగింది. ఏళ్ళ తరబడి భరించాను దాన్ని. చిరంజీవ.

గాజువాక_కుర్రోడు
నిన్న రాత్రి కూర్చుని చేశాను. బెంచి అన్న చెప్పినట్టు యాడ్ వచ్చే వరకు ఆగి రీసెంట్స్ నొక్కితే తెల్ల ఐకాన్ కార్డు కనిపించింది. అది 'భక్తి పాటలు' పేరుతో ఉన్న యాప్. పార్కులో నాన్నతో పాటు నడిచే ఒకాయన వేసి ఇచ్చారట. తీసేస్తుంటే నాన్నకి కోపం వచ్చింది, అందులో సింహాద్రి అప్పన్న పాటలు ఉన్నాయని. యూట్యూబ్‌లో అవే పాటలు పెట్టి చూపించి శాంతింపజేశాను.

కాంటాలో రికమెండెడ్ అని ఉన్నవి మాత్రమే తీశాను: గేమ్స్ ఫోల్డర్, కంపెనీ యాప్ స్టోర్, బ్రౌజర్, లాక్ స్క్రీన్ బొమ్మలవాడు. మెటా పేరుతో కూడా మూడు దాక్కుని ఉన్నాయి, ఫేస్‌బుక్ యాప్ ఎప్పుడూ లేని ఫోన్లో. అవి కూడా పోయాయి. డెవలపర్ ఆప్షన్స్ ఆపాక బ్యాంకు యాప్ మామూలుగానే తెరుచుకుంది.

ఒక్క తేడా. వాతావరణం విడ్జెట్ ఖాళీగా కనిపిస్తోంది. కంపెనీ బ్రౌజర్‌తో పాటు ఏదో పోయినట్టుంది.

కంచరపాలెం_కోడర్
మెటావి ఎప్పుడూ కనిపించని ఐకాన్ లేని యాప్‌లు, ఫేస్‌బుక్‌ని ముందే ఎక్కించడానికి, అప్‌డేట్ చేయడానికి. ఫేస్‌బుక్ వాడని వాళ్ళు నిశ్చింతగా తీసేయొచ్చు. వాడేవాళ్ళు తీసినా ప్లే స్టోర్ నుంచి అప్‌డేట్ అవుతుంది.

విడ్జెట్‌కి డేటా ఇచ్చే యాప్ వేరుగా ఉంటుంది. కాంటాలో అన్‌ఇన్‌స్టాల్డ్ జాబితా తెరిచి, వెదర్ అన్న పేరున్నది వెనక్కి తెచ్చి చూడు. ఒకటి తేవడం, చూడడం, ఇంకొకటి. అన్నీ ఒకేసారి తెస్తే ఏది అసలు కారణమో తెలియదు.

పునుగుల_బండి
వైజాగ్‌లో వాతావరణానికి విడ్జెట్ ఎందుకు, కిటికీ తెరిచి చొక్కా అంటుకుందో లేదో చూస్తే చాలదా.

అనకాపల్లి_బెల్లం
చదివాను అంతా. నాది గెలాక్సీ ఫోన్. డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ స్విచ్ బూడిద రంగులో ఉంది, ఆన్ కాదు. ఏం చేయాలి?

కంచరపాలెం_కోడర్
సెట్టింగ్స్, సెక్యూరిటీ అండ్ ప్రైవసీ, ఆటో బ్లాకర్. కొత్త వన్ యూఐలో (గెలాక్సీ ఫోన్ల ఆండ్రాయిడ్ రూపం) అది మామూలుగానే ఆన్‌లో వస్తుంది. బయటి యాప్‌లు ఎక్కకుండా, కేబుల్ నుంచి కమాండ్లు రాకుండా అడ్డుకోవడం దాని పని, మంచి ఫీచరే. కాసేపు ఆపి, పని చేసుకుని, మళ్ళీ ఆన్ చేయండి. అయినా మీ ఫోన్లో ముందు బ్యాటరీ సెట్టింగ్స్‌లో 'డీప్ స్లీపింగ్ యాప్స్' చూడండి. ఎప్పుడో ఒకసారి వాడేవాటిని అందులో పడేస్తే తెరిచినప్పుడే లేస్తాయి. చాలామందికి అదే సరిపోతుంది.

అనకాపల్లి_బెల్లం
డీప్ స్లీప్‌లో షాపింగ్‌వి అన్నీ పడేశాను. డీబగ్గింగ్ జోలికి వెళ్ళలేదు. కరెంటు బిల్లు యాప్ కూడా అందులో పడేయొచ్చా?

ఎంవీపీ_సుధ
పడేయండి. బిల్లు వచ్చినట్టు ఎలాగూ ఎస్ఎంఎస్ వస్తుంది.